ఎమ్మారై నార్మల్‌గా వస్తే నరాల జబ్బు లేనట్టేనా?

మీ నాన్నగారికి 63 ఏళ్లనీ, కొన్ని నెలలుగా కుడి చేయి వణుకుతోందనీ, ఎమ్మారైలో ఏ లోపమూ కనిపించలేదనీ రాశారు. కాబట్టి ఇది నరాల జబ్బు కాదని నిశ్చింతగా ఉండవచ్చా అని అడిగారు. ఆ ఒక్క రిపోర్టును బట్టి అలా అనుకోవడానికి వీల్లేదు. మా అమ్మకు పార్కిన్సన్స్ వ్యాధి అని తేలిన రోజున ఆమె ఎమ్మారై కూడా నార్మల్‌గానే ఉంది. నేను వైద్యుణ్ని కాను. అమ్మను చూసుకుంటూ, న్యూరాలజిస్టును అడిగి తెలుసుకుంటూ నాకు అర్థమైన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ఎమ్మారైలో మెదడు నిర్మాణం కనిపిస్తుంది. గడ్డ ఉన్నా, ఎప్పుడో వచ్చి పోయిన పక్షవాతం ఆనవాలు ఉన్నా, మెదడులో నీరు చేరినా అందులో తెలుస్తుంది. పార్కిన్సన్స్‌లో మాత్రం మధ్యమెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న భాగంలో కదలికలకు అవసరమైన డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నశిస్తాయి. ఆ నష్టం మామూలు ఎమ్మారైలో సాధారణంగా బయటపడదు. అయినా డాక్టర్లు ఆ స్కాన్ రాసేది, ఇవే లక్షణాలను తెచ్చే వేరే కారణం ఏదీ లేదని రూఢి చేసుకోవడానికి.

మరి జబ్బును ఎలా పట్టుకుంటారు? మా అమ్మ విషయంలో డాక్టర్‌గారు ముందు ఆమెను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, 100 నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారు. అంతవరకూ కదలకుండా ఉన్న కుడి చేతిలో బొటనవేలు, చూపుడువేలు ఏదో మాత్రను నలుపుతున్నట్టుగా ఆడడం మొదలైంది. తరవాత ఆ రెండు వేళ్లనూ బాగా ఎడం చేసి, వేగంగా కలుపుతూ విడదీస్తూ ఉండమన్నారు. ఎడమ చేతితో సులువుగానే చేసింది గానీ, కుడి చేతి వేళ్ల మధ్య ఎడం చూస్తుండగానే తగ్గిపోయి, కదలిక నెమ్మదించింది. మణికట్టును పట్టుకుని తిప్పినప్పుడు అది సాఫీగా తిరగక, మధ్యమధ్య పట్టేసినట్టు ఆగింది. నడిపించి చూస్తే కుడి చేయి ఊగడం లేదు. ఒక వాక్యం రాయిస్తే వరస చివరికి వచ్చేసరికి అక్షరాలు చిన్నవైపోయాయి. కదలికల్లో మందకొడితనం తప్పనిసరిగా ఉండి, దానికి తోడు విశ్రాంతిలో వణుకు గానీ బిగుతు గానీ ఉంటేనే పార్కిన్సన్స్ వైపు ఆలోచిస్తామని ఆయన మాకు వివరించారు. వణుకు ఒక్కటే ఉంటే చాలదు. అసలు వణుకే లేని పార్కిన్సన్స్ కూడా ఉంటుంది.

ఆ తరవాత ఆయన అడిగిన ప్రశ్నలు మాకు మొదట సంబంధం లేనివిగా అనిపించాయి. వాసనలు సరిగా తెలుస్తున్నాయా, మలబద్ధకం ఎప్పటినుంచి ఉంది, నిద్రలో అరవడం, చేతులు కాళ్లు విసరడం ఉందా అని అడిగారు. ఈ లక్షణాలు కొందరిలో వణుకుకు ఎన్నో ఏళ్ల ముందే మొదలవుతాయట. ఇలాంటివి ఏ యంత్రమూ చెప్పలేదు, పక్కనున్న మనిషే చెప్పాలి.

మా పెదనాన్నకూ చేతులు వణుకుతాయి గానీ, ఆ వణుకు వేరు. చేతులు ఒళ్లో ఉన్నంతసేపూ కదలవు. గ్లాసు ఎత్తినా, సంతకం పెట్టబోయినా రెండు చేతులూ వణుకుతాయి. వాళ్ల నాన్నగారికీ అలాగే ఉండేది. దీన్ని ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. పార్కిన్సన్స్ కన్నా ఇదే ఎక్కువమందిలో కనిపిస్తుంది, చాలా కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది, దీనికి వాడే మందులూ వేరు.

మీరు తప్పకుండా చూడవలసిన విషయం మరొకటి ఉంది: నాన్నగారు ఏయే మందులు వాడుతున్నారో రాసి పెట్టండి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికి వాడే సినరిజిన్, మైగ్రేన్‌కు ఇచ్చే ఫ్లునరిజిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలనే తెచ్చిపెట్టగలవు. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ వల్లా, ఆయాసానికి వాడే సాల్‌బుటమాల్ వల్లా కూడా వణుకు రావచ్చు. అలాగని వేటినీ సొంతంగా ఆపవద్దు. ముఖ్యంగా మూర్ఛ మందును ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ తిరగబెట్టే ప్రమాదం ఉంది. థైరాయిడ్ హార్మోను ఎక్కువైనా చేతులు వణుకుతాయి కాబట్టి ఆ రక్తపరీక్ష చేయించడం మంచిది. ఇదే వణుకు చిన్న వయసులో వస్తే, ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి ఉందేమో కూడా పరీక్షిస్తారు.

ఎసెన్షియల్ ట్రెమరా, పార్కిన్సన్సా అన్నది తేలనప్పుడు మెదడులో ఆ డోపమిన్ కణాలు ఎలా ఉన్నాయో చూపే డాట్ స్కాన్ అనే ప్రత్యేక పరీక్ష సాయపడుతుంది. పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా మందుకు మనిషి ఎలా స్పందిస్తున్నారో చూడడమూ నిర్ధారణలో భాగమే. అది మొదలుపెట్టాక అమ్మ తన జాకెట్టు హుక్కులు మళ్లీ తానే పెట్టుకోగలిగింది.

స్కాన్ కన్నా వివరాలు ముఖ్యమన్న ఈ మాట తక్కిన నరాల జబ్బులకూ చాలావరకు వర్తిస్తుంది. ఫిట్స్ వచ్చే మనిషికి, ఒక ఫిట్‌కూ మరో ఫిట్‌కూ మధ్యకాలంలో తీసిన ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్ష) మామూలుగానే ఉండవచ్చు. పక్కనున్నవారు ఫోనులో తీసిన వీడియో డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడుతుంది. మైగ్రేన్‌ను తేల్చే స్కాన్ అంటూ లేదు. అరికాళ్ల తిమ్మిర్లకు చక్కెర, బీ12 పరీక్షలతో వెతకడం మొదలుపెడతారు.

పక్షవాతం మాత్రం ఈ వరసలో చేరదు. ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, ఒక పక్క చేయి గానీ కాలు గానీ పడిపోయినా, మాట తడబడినా ఆ క్షణమే ఆసుపత్రికి బయలుదేరాలి. రక్తనాళం పూడిందా, చిట్లిందా అన్నది సీటీ స్కాన్ చూశాకే తెలుస్తుంది. రక్తనాళాన్ని పూడ్చిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇస్తారు.

మీ నాన్నగారిది నెలల తరబడి ఉన్న వణుకు కాబట్టి కంగారు పడనక్కర్లేదు గానీ, న్యూరాలజిస్టుకు చూపించడం వాయిదా వేయకండి. వెళ్లేముందు ఆయన టీవీ చూస్తూ కూర్చున్నప్పుడూ, గ్లాసు పట్టుకున్నప్పుడూ చేయి ఎలా ఉందో రెండు చిన్న వీడియోలు తీసుకోండి. పాత రాతా, ఇప్పటి రాతా పక్కపక్కన పెట్టి చూడండి. తరచూ తూలి పడిపోతున్నా, లేని మనుషులు కనిపిస్తున్నారని చెబుతున్నా, మూత్రం ఆపుకోలేకపోతున్నా ఆ సంగతి డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి, ఎందుకంటే ఇవి మొదట్లోనే కనిపిస్తే డాక్టరు పార్కిన్సన్స్‌ను పోలిన వేరే జబ్బుల కోసం కూడా వెతకవలసి ఉంటుంది.