అమ్మబోయే ఇంటికి అప్పు చేసి మెరుగులు వద్దు

ప్రశ్న: కర్నూలు పాతబస్తీకి దగ్గర్లో మూడు సెంట్ల స్థలంలో 2003లో కట్టుకున్న ఇల్లు మాది. అమ్మేసి హైదరాబాద్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్దామని అనుకుంటున్నాం. ఉన్నదున్నట్టు అమ్మితే 58 లక్షలు, రీమోడలింగ్ చేయిస్తే 70 లక్షలు వస్తాయని బ్రోకర్ చెప్పాడు. టైల్స్, మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, ముందువైపు ఎలివేషన్ అన్నిటికీ కలిపి మేస్త్రీ 9.5 లక్షలు అడుగుతున్నాడు. బ్యాంకులో ఉన్న 2.5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేసి, మా ఆవిడ నగల మీద 4 లక్షలు, తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెద్దామని ఉంది. మూడు నెలల్లో ఇల్లు అమ్మి అన్నీ తీర్చేస్తాం. నా జీతం 36 వేలు, ఇంటి ఖర్చు 28 వేలు. 2009 వరదలో ఇంట్లోకి నీళ్లొచ్చి, స్థలం మాకు ముందు ఎవరిదో చూపే పాత లింకు డాక్యుమెంటు పాడైపోయింది. గోడల అడుగున చెమ్మ కూడా ఉంది. మా ఆలోచన సరైనదేనా?
- పేరు రాయవద్దన్న పాఠకుడు, కర్నూలు

జవాబు: సరైనది కాదండీ. ఇంకా డబ్బు చేతులు మారకపోతే ఇక్కడితో ఆపేయండి. ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో మీదే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇల్లు అమ్మాలనుకునే వాళ్లు ముందు అప్పు చేసి ఇంటికి సోకులు చేయించడం, ఆ అప్పు తరుముతుంటే తక్కువకు తెగనమ్ముకోవడం నేను మళ్లీ మళ్లీ చూస్తున్నాను.

ముందు మీ లెక్కే చూద్దాం. నగల అప్పుకు పది శాతం వేసుకున్నా నెలకు 3,300 అవుతుంది. రెండు రూపాయల వడ్డీ అంటే సంవత్సరానికి 24 శాతం. 3 లక్షలకు నెలకు 6,000. రెండూ కలిపితే 9,300. మీకు నెలకు మిగిలేది 8,000. అంటే మొదటి నెల నుంచే చాలదు. నగల వడ్డీ చివర్లో ఒకేసారి కట్టినా భారం తగ్గదు. పైగా ఆపదకు ఆదుకోవాల్సిన డిపాజిట్ అప్పటికే టైల్స్ కింద పరిచేసి ఉంటారు.

ఇంతా చేస్తే వచ్చేదెంత? బ్రోకర్ మాట అక్షరాలా నిజమైనా 12 లక్షలు ఎక్కువ వస్తాయి. అందులో 9.5 లక్షలు ఖర్చు. ఇల్లు అమ్ముడుపోవడానికి ఆరు నెలలు పడితే, మిగిలిన 2.5 లక్షల్లోంచి వడ్డీకే 56 వేలు పోతుంది. మేస్త్రీ చెప్పిన అంచనా పదో వంతు పెరిగితే ఇంకో 95 వేలు. ఇక చేతిలో నిలిచేది లక్ష. ఆ లక్ష కోసం ఇంట్లో ఉన్న బంగారమంతా, బ్యాంకులో ఉన్న డబ్బంతా పణంగా పెడుతున్నారు. 12 లక్షల బదులు ఆరు లక్షలే ఎక్కువ వస్తే మూడున్నర లక్షల నష్టం, వడ్డీ దానికి అదనం.

ఆరు లక్షలే రావచ్చని ఎందుకంటున్నానంటే, మన ఊళ్లలో ఇరవై ఏళ్లు దాటిన సొంతింటిని కొనేవాళ్లు ముందు స్థలానికి వెల కడతారు. ఎన్ని గజాలు, రోడ్డు ఎంత వెడల్పు, ఏ ముఖం, ఇవీ వాళ్లడిగేవి. వంటిల్లు వాళ్ల వాస్తుకు కుదరకపోతే మీ మాడ్యులర్ కిచెన్ కొన్న నెలకే పీకేస్తారు. కొందరు ఇల్లు మొత్తం పడగొట్టి కట్టుకుంటారు. రిజిస్ట్రేషన్‌కే రాయించుకునే విలువ మీద 7.5 శాతం కట్టుకోవాల్సిన మనిషి, ఫాల్స్ సీలింగ్ చూసి ఇంకో 12 లక్షలు తీస్తాడని నాకు నమ్మకం లేదు.

మూడు నెలల గడువైతే మీరు రాసుకున్నదే తప్ప కొనేవాళ్లు ఒప్పుకున్నది కాదు. ఆషాఢం వస్తే బేరాలు ఆగిపోతాయి. పుష్యంలో అంతే, మూఢమైతే అగ్రిమెంటు కూడా రాయరు. బ్యాంకు లోన్ పెట్టుకునే వాళ్లకు లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ అయ్యేసరికి వారాలు గడుస్తాయి. వడ్డీ ఈ నెలలేవీ చూడదు.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మా నాన్న ఆదోనిలో ఇల్లు అమ్మేటప్పుడు నోటు రాసిచ్చి డబ్బు తెచ్చి, రంగులు, మార్బుల్ వేయించారు. పని సగంలో ఉండగా అమ్మ ఆసుపత్రి పాలైంది. చేతిలో రూపాయి లేదు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు, ఇల్లు చూసి వెళ్లినాయనకూ తెలిసింది. మరుసటి రోజు వచ్చి తాను ముందు చెప్పిన ధరలో రెండు లక్షలు తగ్గించి అడిగాడు. నాన్న మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. ఆ రోజు మార్బుల్ ఎంత మెరుస్తున్నా ఒక్క రూపాయి ఎక్కువ తేలేదు. ఇంట్లో ఆరు నెలల ఖర్చు ఉండి ఉంటే నాన్న "ఆ ధరకు కుదరదు, వెళ్లి రండి" అనగలిగేవారు.

అందుకే నేను మీకు చెప్పదలచుకున్నది ఒకటే. ఇంటికి మంచి ధర రావాలంటే అమ్మేవాడికి ఆగే శక్తి ఉండాలి. అవసరం మీద అమ్ముతున్నారని తెలిసిన క్షణం నుంచి బేరం కొనేవాళ్ల చేతిలోకి పోతుంది. మీకు నెలకు 28 వేలు ఖర్చు కాబట్టి ఆరు నెలలకు 1,68,000. మీ డిపాజిట్‌లో ఇంత మొత్తం ఇల్లు రిజిస్టరై డబ్బు ఖాతాలో పడేదాకా ముట్టుకోవద్దు. ఎవరు ఎంత నచ్చజెప్పినా సరే. మీ ఆవిడ నగలు కూడా బీరువాలోనే ఉండాలి. మరీ పెద్ద ఆపద వస్తే అవి రెండో అండ. రెండు రూపాయల వడ్డీ మాట ఇక ఎత్తవద్దు. తెలిసినాయన కదా అని నోటు మీద సంతకం పెడితే, ఆరో నెలలో ఇల్లు తనకే ఇమ్మని అడిగేది కూడా ఆ తెలిసినాయనే.

1,68,000 పక్కన పెడితే మీ దగ్గర ఇంకా 82 వేలు ఉంటాయి. ఇంటి మీద పెట్టాల్సిన ఖర్చు అంతవరకే. అది తక్కువేం కాదు.

అందులో మొదటి ఖర్చు కాగితాలకు. నిజానికి మీ ఇంటి ధరను పట్టి లాగుతున్నది పాత గచ్చు కాదు, ఆ పోయిన లింకు డాక్యుమెంటు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు ఎన్ని బీరువాలు మునిగాయో మన ఊరికి తెలుసు. అలా కాగితాలు పోగొట్టుకున్న వాళ్లలో చాలామంది అమ్మే రోజు దాకా ఆ సంగతి పట్టించుకోలేదు. గట్టి ధర పెట్టేది సాధారణంగా బ్యాంకు లోన్‌తో కొనే ఉద్యోగస్తులు. వాళ్ల బ్యాంకు లాయరు లింకు డాక్యుమెంటు లేదనగానే వాళ్లు వెనక్కి తగ్గుతారు. ఇక మిగిలేది నగదుతో వచ్చి, కాగితం లోపం చూపించి ధర కోసేవాళ్లు. కాబట్టి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆ దస్తావేజు సర్టిఫైడ్ కాపీకి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. పోలీసు ఫిర్యాదు, పేపర్లో ప్రకటన కూడా లాయర్లు అడుగుతారు, లేకపోతే అవీ ఇప్పుడే చేయండి. కొత్త ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), ప్లాన్ అప్రూవల్ కాపీ, కార్పొరేషన్‌కు ఇంటి పన్ను, నీటి పన్ను బకాయి లేని రసీదులు, అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. ఇల్లు చూడ్డానికి వచ్చిన వాళ్లకు కాఫీతో పాటు ఆ ఫైలు కూడా ఇవ్వండి. దీనంతటికీ అయ్యేది వేలల్లోనే.

రెండోది చెమ్మ. వరద నీళ్లు ఎప్పుడో ఆరిపోయాయి. ఇప్పటి చెమ్మ పునాది నుంచో, బాత్రూం పైపు నుంచో, మిద్దె మీద నీళ్లు నిలవడం వల్లో వస్తుండొచ్చు. కానీ చూసేవాళ్లు దాన్ని వరదకే ముడిపెడతారు. కారణం కనుక్కుని బాగు చేయించండి, పుట్టీ పూసి దాచొద్దు. కొనేవాళ్లు వెంట తెచ్చుకునే మేస్త్రీ గోడ తట్టగానే తెలిసిపోతుంది, ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటా నమ్మరు. వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయని ఎలాగూ అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పండి.

మిగిలిన డబ్బుతో లోపలా బయటా లేతరంగు వేయించండి. మీ ఇంట్లో బేతంచెర్ల నాపబండలు ఉంటే వాటి మీద టైల్స్ పరచొద్దు, పాలిష్ పట్టిస్తే చాలు. కారే కొళాయిలు, వెలగని లైట్లు, మురుగు వాసన, మొరాయించే బోరు మోటారు, వీటిని చూసే కొనేవాళ్లు ఇంటిని అంచనా వేస్తారు. మిద్దె మీది పాత సామాను తీసేయించండి.

ధర విషయంలో ఒక్క బ్రోకర్ మాట మీద ఉండొద్దు. మీ వీధిలో ఈ మధ్య రిజిస్టరైన రెండు మూడు ఇళ్లు ఎంతకు పోయాయో కనుక్కోండి. అడ్వాన్సు నగదుగా 20 వేలు గానీ అంతకు మించి గానీ తీసుకోకూడదు, తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ధర 50 లక్షలు, అంతకు పైన ఉంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్, అంటే మీ ఆదాయపు పన్ను కింద ముందే పట్టుకునే మొత్తం, కోస్తారు. లాభం మీద పన్నుకు 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో (పాత ఖర్చును ధరల పెరుగుదల మేరకు పెంచి చూసే పద్ధతి) 20 శాతం లెక్కల్లో ఏది తక్కువో ఆడిటర్‌తో చూపించుకోండి. 2024 జూలై 23కు ముందే మీ చేతిలో ఉన్న ఇల్లు కాబట్టి ఆ వీలుంది. హైదరాబాద్‌లో రెండేళ్లలోపు ఇల్లు కొంటే మినహాయింపు సంగతీ అడగండి. ఇల్లు అమ్ముడుపోక ముందే ఉద్యోగం మానేయకండి.

వచ్చిన అడ్వాన్సును మీ డబ్బుగా లెక్క వేసుకోవద్దు. లోన్ రాక బేరం తప్పితే తిరిగి ఇవ్వాల్సి రావచ్చు. దాంతో హైదరాబాద్ ఫ్లాటుకు టోకెన్ కట్టారంటే మళ్లీ అదే చిక్కు.

మేస్త్రీకి ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇచ్చి ఉంటే ఆ డబ్బుకు సరిపడా చెమ్మ పని, రంగుల పని చేయించుకుని మిగతా పని వద్దని చెప్పండి. రెండు రూపాయల వడ్డీకి నోటు రాసిచ్చి ఉంటే, డబ్బు తీసుకోకపోయినా సరే, ఈరోజే వెళ్లి ఆ నోటు వెనక్కి తెచ్చుకోండి.