పూత చూసి మనసు తేలికపడితే తప్పా?

ప్రశ్న: మాది నూజివీడు దగ్గర ఒక ఊరు. మా వారు కార్తీక మాసంలో గుండెపోటుతో పోయారు. ఇంట్లో నేను, మా అత్తగారు ఉంటాం. అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం. మాకున్న రెండెకరాల మామిడితోట ఆయనే చూసుకునేవారు. పూత వచ్చిందంటే తేనెమంచు పురుగు పడుతుందేమోనని రోజూ వెళ్లి కొమ్మ వంచి చూసేవారు. మొన్న నేను తోటకెళ్తే చెట్లన్నీ పూతతో ఉన్నాయి. ఆ వాసనకి, కోయిల కూతకి మనసు ఒక్కసారి తేలికపడింది. ఇంటికొచ్చి ఆ మాట అంటే అత్తగారు "మనకింకేం పూత, ఏం పండగ" అన్నారు. అప్పట్నుంచి ఏదో తప్పు చేసినట్టుంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. పూత మీదే తోటలో ఈ ఏటి కాపు కొంటామని ఒక వ్యాపారి రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఉగాది ఎలా గడపాలో తెలియడం లేదు.

జవాబు: అమ్మా, మీరు ఏ తప్పూ చేయలేదు.

మనిషి పోయిన ఇంట్లో కొన్ని నెలలు గడిచాక ఇలాంటి క్షణం వస్తుంది. కూర రుచిగా అనిపిస్తుంది, ఎవరో అన్న మాటకి నవ్వొస్తుంది, ఆ వెంటనే గుండె కలుక్కుమంటుంది. ఆయన లేకుండా నాకిది ఎలా బాగుందని. నా దగ్గరికి వచ్చే చాలామంది ఆడవాళ్లు ఏడ్చిన రోజుల కంటే ఏడుపు రాని పూట గురించే ఎక్కువ కుమిలిపోతారు. దుఃఖం మధ్యమధ్య కాస్త ఊపిరి తీసుకోనిస్తుంది. అదే లేకపోతే ఎవరం నిలబడలేం. పైగా మీకు ఆ ఊరట దొరికింది ఆయన కొమ్మ కొమ్మా వంచి చూసిన తోటలోనే. అక్కడ మీరు ఆయన్ని మర్చిపోయింది ఎప్పుడు? వీలైన రోజు పొద్దున్నే వెళ్లి కాసేపు నిలబడి రండి. ఒకరోజు ఊరటనిచ్చిన పూతే ఇంకోరోజు ఏడిపిస్తుంది. అలాంటప్పుడు ఇంటికి వచ్చేయండి.

మీ అత్తగారి మాట మీకు గుచ్చుకుంది. నిజమే. కానీ ఆమెకు కడుపున పుట్టిన కొడుకు పోయాడు. ఆ వయసులో ఆ దెబ్బకి చెట్టు పూయడం కూడా అన్యాయంగానే కనిపిస్తుంది. ఆ మాట మిమ్మల్ని అన్నది అనుకోకండి.

ఏడాది తిరిగేదాకా పండగ చేయకూడదన్న పట్టింపు మీ ఇంట్లో ఉంటే అలాగే ఉండనివ్వండి. తోరణం వద్దు, కొత్త బట్టలు వద్దు. ఈసారికి ఆ టెన్షన్ లేకపోవడం మీకూ మంచిదే. చెట్టు కింద నిలబడటానికి మాత్రం ఏ పట్టింపూ అడ్డు రాదు.

ఇంకొన్నాళ్లలో వేప కూడా పూస్తుంది. చెట్టు కింద పాత చీర పరిచి, రాలిన పువ్వు ఏరి, పుల్లలు తీసి ఎండబెట్టడం మీ అత్తగారికి మీకంటే బాగా తెలిసి ఉంటుంది. "ఎంత ఎండాలి అత్తయ్యా?" అని అడగండి. ఇద్దరూ ఒక చేట ముందు కూర్చుంటే మాట కలవచ్చు, కలవకపోయినా ఫరవాలేదు. పక్కన మనిషి ఉన్నట్టు ఆమెకూ తెలుస్తుంది. ఆ పువ్వు నేతిలో వేయించి చారులో వేసుకుంటే ఇద్దరికీ నాలుగు ముద్దలు సయిస్తాయి. ఉగాది రోజున అంతమాత్రం చాలు.

నిద్ర సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఇది రెండు వారాలు దాటినా, ఆకలి చచ్చిపోయినా డాక్టర్‌కి చూపించుకోండి. "నేనూ పోతే బాగుండు" అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా 14416కి ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు, ఖర్చేమీ ఉండదు. మూడింటికి మెలకువ వచ్చి తోచనప్పుడు కూడా చేయొచ్చు.

ఇక తోట బేరం. పూసిన పువ్వుల్లో వందకి ఒకటి కూడా కాయగా నిలవదు కాబట్టి పూత మీద ధర చెప్పేవాడు తన జాగ్రత్త తను చూసుకునే చెబుతాడు. మీరు ఫోన్‌లో ఏ అంకెకీ ఒప్పుకోకండి. అబ్బాయిని ఒక ఆదివారం రమ్మనండి, చుట్టుపక్కల తోటలు ఎంతకి పోయాయో కనుక్కోమనండి. ఆ తర్వాత ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. ముగ్గురూ అంటే మీ అత్తగారితో కలిపి.