ఆరిన చెక్కకు బూజెందుకు పడుతుంది: మేనల్లుడికి ఒక ఉత్తరం

విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

ఫోన్లో నీ టెన్షన్ అంతా విన్నాను. చాంబర్లో, అంటే వేడిగాలితో చెక్క ఆరబెట్టే గదిలో, ఆరబెట్టిన పైన్ పలకల మీద నెల తిరక్కుండానే నల్ల చుక్కలు వచ్చాయి. అదే లోడులో షెడ్డు కింద నిదానంగా ఆరినవి శుభ్రంగా ఉన్నాయి. కొన్న పార్టీ మాత్రం నువ్వు పచ్చి చెక్క అంటగట్టావని అంటున్నాడు. లారీ ఎక్కించేటప్పుడు తేమ మీటరు 12 శాతం చూపించిందని చెప్పావు కదా, నేను నమ్ముతాను. ఆ పలకలు ఆరినవే. ఆరిన తీరు వల్లే బూజుకు మేత దొరికింది. అది వివరంగా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

బూజు చెక్కను తినజాలదు. చెక్క గట్టిదనమంతా ఏ పదార్థంలో ఉందో దాన్ని అరిగించుకునే శక్తి దానికి లేదు. దానికి కావలసింది తేలిగ్గా దొరికే చక్కెరలు, కాస్త నత్రజని. ఇవి రెండూ చేవ, అంటే దుంగ నడిమి ముదురు చెక్క, చుట్టూ ఉండే తెల్ల చెక్కలో, చెట్టు బతికున్నప్పటి రసంలో కరిగి ఉంటాయి. కోసిన పలక ఆరేటప్పుడు లోపలి నీరు పైకి వస్తూ వీటిని కూడా మోసుకొస్తుంది. పైకి వచ్చాక నీరు ఆవిరైపోతుంది, చక్కెర ఆవిరి కాదు. చినగంజాం ఉప్పు మళ్లలో నీళ్లు పోయి ఉప్పు మిగిలినట్టు, పలక పైపొరలో ఆ తీపి పేరుకుంటుంది. పైపొర అంటే ఎంత మందం? దాదాపు ఒక మిల్లీమీటరు. అంత సన్నటి పొరలోనే లోపలికంటే ఎన్నో రెట్లు మేత పోగవుతుంది.

చాంబర్లో వేడి, ఫ్యాను గాలి ఎక్కువ కాబట్టి నీరు వడిగా పైకి పరిగెత్తుతుంది, పోగూ ఎక్కువవుతుంది. షెడ్డు కింద నెమ్మదిగా ఆరే చెక్కలో ఈ పోగు తక్కువ. పైగా చెక్కలో ఇంకా ప్రాణమున్న కణాలు కొంత చక్కెరను తామే ఖర్చు పెట్టేస్తాయి. అందుకే నీ రెండు రకాల పలకలకూ అంత తేడా వచ్చింది. చాంబరు వేడికి పాత బూజు చచ్చిపోతుంది, నిజమే. కానీ బూజు విత్తనాలు గాలి నిండా ఉంటాయి. పలక చల్లబడి గోడౌనుకు చేరేసరికి కొత్తవి వచ్చి వాలతాయి. వేడి పట్టించిన ప్యాకింగ్ చెక్క మీద వేసే హెచ్‌టీ ముద్ర చూసి ధైర్యపడేవాళ్లున్నారు. చెక్క నడిమధ్య 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగలాలన్న ఆ నియమం పురుగుల కోసం పెట్టింది. తర్వాత బూజు రాదని ఆ ముద్ర హామీ ఇవ్వదు.

పైన్ పలకను చిత్రిక పడుతుంటే పైతొక్క కిందే గోధుమరంగు మరక బయటపడిందని పోయినసారి అడిగావు గుర్తుందా? ఆ చక్కెరలూ నత్రజని పదార్థాలూ చాంబరు వేడికి కలిసి మాడిన రంగు అది. న్యూజిలాండ్ పైన్‌లో బాగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ దుంగల్లో తెల్ల చెక్కే ఎక్కువ. చెక్క చెడిపోయిందని దాన్ని పక్కన పడేయకు. మేత ఎక్కడ చేరిందో అదే చూపిస్తోంది.

ఇక చేయాల్సింది. చిత్రిక ఎప్పుడూ ఆరిన తర్వాతే పట్టు. ముందే నున్నగా చేసి చాంబర్లో పెడితే ఆ నున్నటి ముఖం మీదే మళ్లీ చక్కెర చేరుతుంది, పడిన కష్టమంతా వృథా. కోత కోసేటప్పుడే ముఖానికి రెండేసి మిల్లీమీటర్లు అదనంగా వదులు, ఆరాక ఆ పొర తీసేయి. చెక్క నష్టమని మీ మేస్త్రీ గొణుగుతాడు, గొణగనీ. వెనక్కి తిరిగొచ్చే లోడు కంటే పొట్టు చవక. కొండపల్లి వాళ్లు పొణికి కర్రను ఆరాకే బొమ్మగా చెక్కుతారు కాబట్టి వాళ్లకు ఈ పైపొర దానంతటదే రాలిపోతుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది, ఓపిక ఉంటే చేయి. రెండు పలకలను బెరడు వైపు ముఖాలు ఒకదానికొకటి ఆనేలా జతచేసి, జతకూ జతకూ మధ్య మాత్రమే గాలి ఆడేలా రీపర్లు (సన్నటి చెక్క బద్దలు) పెట్టు. నీరు బయటి ముఖాల నుంచే పోతుంది, చక్కెర కూడా అటే పోతుంది. లోపలికి దాగిన ముఖాలకు మేత తక్కువ, వాటిని తలుపుకు బయటివైపు వాడుకోవచ్చు. ఆరడానికి రోజులు ఎక్కువ పడతాయి. పెద్ద ఆర్డరుకు నేనైతే ఇది చెప్పను, చిత్రికే నయం.

టేకు చేవకు ఈ గొడవ లేదు, దాని రక్షణ దాంట్లోనే ఉంది. అదే టేకు తెల్ల చెక్కను మాత్రం నమ్మకు.

మేత ఉన్నా తేమ లేకపోతే బూజు లేవదు. చెక్కను ఆనుకున్న గాలిలో తేమ 80 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తేనే అది పెరుగుతుంది. మన కృష్ణా, గుంటూరు వైపు వానలు మొదలైనప్పటి నుంచి కార్తీకం తుపాన్లు పోయేదాకా ఆ తేమకు కొదవుండదు. కాబట్టి దొంతరను నేల మీద పెట్టకు, గోడకు ఆనించకు, వేడి తగ్గకముందే పట్టా కప్పకు. పట్టా కింద పట్టిన చెమ్మ ఒక్క రాత్రిలో నీ చాంబరు పనంతా చెడగొడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు, తలుపులు పూర్తిగా ఆరకముందే రంగులు వేసిన వాళ్ల బాధ చూశాను. లోపలి నీరు పైకి వస్తూనే ఉంది, రంగు కింద బూజు లేస్తూనే ఉంది.

బోరాక్సు మందులో ముంచితే చాలని ఎవరో చెప్పారన్నావు. అది పుచ్చు పురుగుకు బాగా పనిచేస్తుంది. బూజుకు దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు, వానలో తడిస్తే అది కారిపోతుంది కూడా. బ్లీచింగ్ కొడితే నలుపు పోయినట్టు కనిపిస్తుంది, మేత అలాగే ఉంటుంది.

వెనక్కి వచ్చిన లోడును పారేయకు. మాస్కు కట్టుకుని బయట గాలిలో పైబూజు తుడిపించు, ఆ పొడి పీల్చితే ఊపిరితిత్తులకు మంచిది కాదు. తర్వాత చిత్రిక పట్టి చూడు. నలుపు పోతే అది బూజే, బలానికి ఢోకా లేదు. నీలిచారలు లోపలికి దిగి ఉంటే అది పచ్చిగా ఉన్నప్పుడే పట్టిన నీలి మరక, చిత్రికకు పోదు, దాన్ని కనపడని చోట్లకు అమ్ము. స్క్రూడ్రైవరు గుచ్చితే మెత్తగా దిగే చెక్కను మాత్రం ఎవరికీ అమ్మకు.

పార్టీ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక పలక సగం చిత్రిక పట్టి, సగం అలాగే వదిలి తీసుకెళ్లు. ఆయన ముందే మీటరు పెట్టి రెండు సగాలూ చూపించి మాట్లాడు. మిగతా లోడు చిత్రిక పట్టి ఇస్తానని నువ్వే ముందు చెప్పు, కూలి నీదే. అక్కను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య