గైడు అంశం మార్చమంటే మార్చండి, మిషెల్ పెరో కూడా మార్చారు

స్త్రీవాద ఉద్యమ చరిత్ర మీద పీహెచ్‌డీ చేయాలనుకుంటే, గైడు కార్మిక సంఘాల మీద చేయమంటున్నారని, ఒప్పుకోవాలా అని అడిగారు. ఒప్పుకోండి. గైడునే మార్చేయమని మీ ప్రశ్న కింద ధైర్యం చెబుతున్నవాళ్ళలో ఒక్కరైనా ఆ దరఖాస్తు పట్టుకుని విశ్వవిద్యాలయ కార్యాలయంలో నిలబడి ఉంటారని నేను నమ్మను.

ఫ్రాన్స్‌లో స్త్రీల చరిత్రకు పెద్దదిక్కుగా చెప్పే మిషెల్ పెరోకూ ఇదే జరిగింది. 1949లో సిమోన్ ద బోవ్వార్ స్త్రీవాద పుస్తకం "సెకండ్ సెక్స్" వెలువడి దుమారం రేపుతున్న రోజుల్లో పెరో పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిని. స్త్రీవాదం మీద పని చేస్తానంటే ఆచార్యుడు ఎర్నెస్ట్ లబ్రూస్ నవ్వి, కార్మికుల వైపు మళ్లించారు. ఆమె 1871 నుంచి 1890 వరకు ఫ్రాన్స్‌లో జరిగిన దాదాపు మూడు వేల సమ్మెల లెక్క తీస్తూ కూర్చున్నారు. మధ్యలో ఉత్తర ఫ్రాన్స్‌లోని కాన్ (Caen) నగరంలో బడి పిల్లలకు పాఠాలు చెప్పారు. సిద్ధాంత గ్రంథం పూర్తయ్యేసరికి 1971. మన దగ్గరైతే ఫెలోషిప్ ఏనాడో ఆపేసి, హాస్టల్ గది తాళం కూడా మార్చేసేవారు.

ఆ కాలమంతా వృథా అనేవాళ్ళు పాత ఫైళ్ళ ముఖం చూడనివాళ్ళు. నాకు బీడీ కార్మిక స్త్రీల మీద చేయాలని ఉండేది. కమిటీలో ఒక పెద్దాయన బిస్కెట్టు టీలో ముంచుతూ, "ఆడవాళ్ళకు వేరే చరిత్ర ఏముంటుందమ్మా?" అన్నారు. చివరికి కార్మిక చట్టాల అమలు అనే చప్పని అంశం అంటగట్టారు. ఆ పని మీద పాత కార్మిక శాఖ ఫైళ్ళు తిరగేస్తుంటే ఒక అర్జీ బయటపడింది. తూకంలో మోసం గురించి నాలుగు వాక్యాలు, కింద పేజీ పొడుగునా ఊదా సిరా వేలిముద్రలు. ప్రతి ముద్ర పక్కన గుమాస్తా రాసింది "ఫలానా వారి భార్య" అనే. సొంత పేరు ఒక్కరికీ లేదు. నా అంశంతో నేరుగా వెళ్ళి అడిగి ఉంటే ఆ ఫైలు నా చేతికి వచ్చేదే కాదు, ఎందుకంటే దాని అట్ట మీద "స్త్రీలు" అని లేదు. పోలీసు నివేదికల్లో, అధికారుల ఉత్తరాల్లో ఆడవాళ్ళు గొడవ చేసినప్పుడే కనిపిస్తారన్న సంగతి పెరోకు తెలిసింది కూడా ఇలాంటి కాగితాల్లోనే అని నా గట్టి నమ్మకం.

1973లో పెరో తోటి అధ్యాపకులు పోలిన్ ష్మిట్, ఫాబియెన్ బాక్‌లతో కలిసి పారిస్‌లోని జుసియు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒక కోర్సు ప్రారంభించారు. దాని పేరు "స్త్రీలకు చరిత్ర ఉందా?" మా కమిటీ పెద్దాయన ప్రశ్నే, కాకపోతే ఈమె జవాబు వెతకడానికి అడిగారు. చెప్పడానికి చరిత్రకారులు లేక మొదట సామాజిక శాస్త్రవేత్తలను పిలిచారు. వాళ్ళలో ఒకరైన ఆంద్రే మిషెల్ కుటుంబం గురించి మాట్లాడుతుంటే అడ్డుపడింది ఛాందసులు కాదు, అతివాద వామపక్ష విద్యార్థులు! విప్లవం ముందుండగా ఈ ఆడవాళ్ళ గొడవ ఏమిటని వాళ్ళ అభ్యంతరం. ఈ వాదన వినని తెలుగువాళ్ళు ఉంటారా? తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను స్త్రీ శక్తి సంఘటన అనే స్త్రీవాద బృందం పుస్తకంగా తెచ్చేసరికి 1986 వచ్చింది.

తర్వాత చరిత్రకారుడు జార్జ్ ద్యుబితో కలిసి పెరో సంపాదకత్వం వహించిన పాశ్చాత్య స్త్రీల చరిత్ర అయిదు సంపుటాలుగా వచ్చింది. మా విభాగం లైబ్రరీలో అందులో ఒక్కటీ లేదు, ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకో మాత్రం అర నిండా ఉన్నాడు. పడకగదుల చరిత్ర మీద ఆమె రాసిన పుస్తకానికి 2009లో ఫ్రాన్స్‌లో ఇచ్చే ఫెమినా వ్యాస బహుమతి వచ్చింది, అప్పటికి ఆమెకు ఎనభై ఒకటి.

కాబట్టి శీర్షికలో గైడుగారి కార్మిక సంఘాలనే ఉంచండి. నాలుగో అధ్యాయానికి "సభ్యత్వం, చందాలు, హాజరు" అని పేరు పెట్టి, ఎవరు చందా కట్టారో, ఎవరిని సమావేశానికి పిలవలేదో ఆడవాళ్ళ వైపు నుంచి లెక్క తీయండి. ఆ శీర్షిక చూసి కమిటీలో ఎవరూ పేజీ తిప్పరు.