పులుసులో ఏ చేపో చెప్పు, అమ్మడూ

అమ్మడూ,

నీ కథ అందింది. కావలి ట్రంకు రోడ్డు మీద నీ నాయిక నడుస్తుంటే పసుపు సీతాకోకచిలుకలు వెంటపడ్డాయని రాశావు. అవి కొలంబియా రచయిత మార్కెజ్‌వి. 1967 నాటి ఆయన నవల ‘వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్’లో ఒక మెకానిక్కు కుర్రాడి చుట్టూ తిరిగాయి. అక్కడే ఉండనీ వాటిని.

మామూలు బతుకుల్లో వింతలు మామూలుగానే జరిగిపోయే ఆ మాజిక్ రియలిజం మీద అంత మోజుంటే ముందు లారా ఎస్కివెల్ నవల ‘లైక్ వాటర్ ఫర్ చాక్లెట్’ చదువు. 1989లో మెక్సికోలో వచ్చింది. పన్నెండు అధ్యాయాలు, పన్నెండు నెలలు, నెలకో వంట. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది: ఆఖరి ఆడపిల్ల పెళ్లి చేసుకోకూడదు, తల్లి కన్నుమూసేదాకా ఆమెకు సేవ చేయాలి. ఆ ఆఖరి పిల్ల టీటా. ఆమెను పెళ్లికి అడగడానికి వచ్చిన పెద్రోకు, టీటా అక్క రొసౌరాను ఇస్తానంటుంది తల్లి. టీటా ఉన్న ఇంట్లోనే ఉండొచ్చు కదా అని వాడు ఒప్పుకుంటాడు. (వాడు నాకు ఎప్పుడూ నచ్చలేదు. నీకు నచ్చితే పోట్లాడుకుందాం.)

అక్క పెళ్లి కేకు టీటాయే చేయాలి, ఏడవకుండా చేయాలి. కన్నీళ్లు పిండిలో పడతాయి. ఆ కేకు తిన్నవాళ్లందరికీ పోగొట్టుకున్న ప్రేమలు గుర్తొచ్చి, భోరున ఏడ్చి, వాంతులు చేసుకుంటారు. అక్కడ ఆగి పేజీలు వెనక్కి తిప్పు. అధ్యాయం మొదట్లో దినుసుల పట్టీ ఉంటుంది: 17 గుడ్లు, మూడుసార్లు జల్లించిన పిండి. అంత కచ్చితంగా వంట చెప్పిన మనిషి తర్వాత ఏం చెప్పినా నమ్మేస్తాం. ఇంకోటి చూడు, వింత కన్నా ముందు కట్టుబాటు వచ్చింది. నోరెత్తనివ్వని ఇంట్లో ఆ పిల్ల దుఃఖం కేకులోంచి బయటపడింది. తల్లి ఏడవనిచ్చి ఉంటే అది మామూలు కేకే.

నీ కథలో ఆ బిగింపు లేదు. అవ్వ వండిన చేపల పులుసు తిని నిశ్చితార్థంలో అందరూ నిజాలు కక్కేస్తారు. ఊహ బాగుంది. కానీ నిజం బయటపడితే ఆ ఇంటికి ఏం మునుగుతుంది? పిల్లను మేనమామకిస్తామని మాటిచ్చారా? రొయ్యల గుంటల్లో పోగొట్టుకుని పొలం తాకట్టు పెట్టారా, ఈ సంబంధంతో విడిపించుకోవాలా? ఏదో ఒకటి తేల్చుకో. ఏ చేపో కూడా చెప్పలేదు! నెల్లూరు పిల్లవి, సిగ్గులేదూ? బొమ్మిడాయిలైతే బూడిద వేసి రుద్దాలి, లేకుంటే జిగురు పోదు. దాకలో పులుసు మరిగాక మామిడికాయ ముక్కలు పడాలి. రాత్రి వండింది పొద్దున తినాలి. ఇవన్నీ అవ్వ చేత చేయించు.

మనకేం ఇలాంటి వింతలు కొత్తా? మొహర్రంలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గరికి, రొట్టెల పండక్కి వెళ్లు. బారా షహీద్ దర్గా ముందు జనం నీళ్లలో దిగి రొట్టెలు మార్చుకుంటుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు పుచ్చుకుని తింటారు. తీరాక వాళ్లూ రొట్టె తెచ్చి ఇవ్వాలి. పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, సొంతింటి రొట్టె, దేనికదే. అక్కడ ఎవరూ నోరెళ్లబెట్టరు. “పెళ్లి రొట్టె ఎక్కడిస్తున్నారమ్మా?” అని అడిగి అటు నడుస్తారు, రేషను షాపు అడిగినట్టు. నీ కథకు ఆ గొంతు కావాలి. పెళ్లి రొట్టె కోసం ఒక పిల్ల నీళ్లలో నిలబడితే, రొట్టె పట్టుకుని ఎదురొచ్చింది తను ప్రేమించినవాణ్ణి కట్టుకున్న సొంత అక్క. ఇది నేను రాయను, కావాలంటే తీసుకో.

ఇక చివరి రెండు పేజీలు, అవ్వకు ఎవరో సాధువు మూలిక ఇచ్చాడని సంజాయిషీ చెప్పావే, అవి కొట్టేయ్. తిరగరాసింది ముందు మీ అమ్మకు చదివి వినిపించు. పులుసు దగ్గర ఆమె తప్పు పడితే దిద్దుకుని, అప్పుడు నాకు పంపు.