కొత్త గ్రాఫిక్స్ అడిగిన తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటకు కొత్త గ్రాఫిక్స్ కావాలంటూ నువ్వు రాసిన వ్యాసం అందింది. మూడో పేజీలో "పాత కంప్యూటర్లు ఉన్నవాళ్ల కోసం ఆట ఆగదు" అని రాశావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. ఆ కోపం తగ్గకముందే రాస్తున్నాను. సార్ అని పిలవొద్దు, అన్నా అంటే చాలు.

నీ వాక్యం బాగుంది, ఎక్కడా తడబాటు లేదు. ఇక విషయానికి వస్తాను.

ఇరవై ఏళ్లు దాటిన రూన్‌స్కేప్‌కు గ్రాఫిక్స్ మార్చాలా వద్దా అనే ప్రశ్న మంచిదే. కానీ నువ్వు ఆ ఆటను బయట నిలబడి చూశావు. మనుషుల మొహాల్లో కళ్లు కదలవన్నావు, చెట్లకు కోణాలు కనబడతాయన్నావు, నీళ్లలో నీడ పడదన్నావు. అన్నీ నిజమే, కానీ రెండు నిమిషాల వీడియో చూసినవాడు కూడా ఇవన్నీ చెప్పగలడు. ఏళ్ల తరబడి ఆడిన నీకు మాత్రమే తెలిసినది ఒక్కటి కూడా ఆ ఆరు పేజీల్లో లేదు. నాకు బాధ కలిగించింది అదే.

ఒక మాట గట్టిగా చెప్తాను, ఒప్పుకోకపోయినా గుర్తుపెట్టుకో. పాత ఆన్‌లైన్ ఆటలో బొమ్మ అందం కోసం మాత్రమే లేదు. ఆడేవాడు ఆ బొమ్మను చదువుతాడు. ఏళ్ల తరబడి చదివి చదివి, ఆలోచించకుండానే చెయ్యి కదిలే స్థితికి వస్తాడు. దాన్ని మార్చాలంటే ముందు అతను ఏం చదువుతున్నాడో తెలియాలి.

రూన్‌స్కేప్‌లో ఫైట్ కేవ్స్ అనే గుహల పోరు నువ్వు ఆడే ఉంటావు. 62 వేవ్‌లు, అంటే ఒకదాని తర్వాత ఒకటి వచ్చే శత్రువుల గుంపులు, దాటాక 63వ దాంట్లో జాడ్ అనే పెద్ద రాక్షసుడు వస్తాడు. ముందుకాళ్లు పైకెత్తి నిలబడ్డాడంటే మ్యాజిక్ దెబ్బ, ముందుకాళ్లు నేలకేసి కొట్టాడంటే రేంజ్డ్ దెబ్బ, అంటే దూరం నుంచి విసిరేది. ఆ కాళ్లు చూసి ప్రేయర్, అంటే ఆ రకం దెబ్బను ఆపే రక్షణ, మార్చాలి. మార్చకపోతే ఒక్క దెబ్బకు 97 దాకా పోతుంది. ఆ ఆటలో మనిషికి ఉండేవే 99 హిట్‌పాయింట్లు, అవి అయిపోతే చచ్చినట్టే. సర్వర్ 0.6 సెకన్లకు ఒకసారి లెక్క వేస్తుంది, ఆ ఒక్కో లెక్కనే మనం టిక్ అంటాం. గంటకు పైగా కష్టపడి అక్కడిదాకా వచ్చినవాడి భవిష్యత్తు, ఆ కొద్ది టిక్కుల్లో కాళ్లు పైకి లేచాయా కిందికి పడ్డాయా అన్నదాని మీద ఉంటుంది. జాడ్‌కు కొత్త చర్మం, కండరాలు, పొగ, నిప్పురవ్వలు అన్నీ పెట్టమన్నావు నువ్వు. ఆ పొగలో కాళ్లు ఎలా కనబడాలి? ఈ ప్రశ్న నీ వ్యాసంలో రావాలి. నీ వయసులో, అంత ఆట ఆడి, అది తట్టకపోవడం ఏమిటి?

ఇక కంప్యూటర్ల సంగతి. రూన్‌స్కేప్ 2001 జనవరిలో వచ్చింది. ఇంగ్లండ్‌లో ఆండ్రూ గోవర్ అన్నదమ్ములు చేసిన ఆట, జావాలో రాశారు, బ్రౌజర్‌లోనే నడిచేది. ఇన్‌స్టాల్ చేసే పని లేదు. దీని విలువ ఏమిటో నాకు అమీర్‌పేట్‌లో తెలిసింది. అక్కడ ఒక నెట్ సెంటర్‌లో నేను రాత్రి షిఫ్టు చూసుకునేవాణ్ని. పగలు కథలు రాసుకోవచ్చని ఆ పని ఒప్పుకున్నాను. కంప్యూటర్లు సికింద్రాబాద్ కంప్యూటర్ బజారు సీటీసీలో కొన్న సెకండ్ హ్యాండ్ సరుకు. ఎవరూ ఏమీ ఎక్కించకుండా ఓనర్ తాళాలు వేసి పెట్టేవాడు. కోచింగ్ కోసం కరీంనగర్ నుంచి, నల్లగొండ నుంచి వచ్చిన కుర్రాళ్లు గదిలో ఉక్కపోతకు తట్టుకోలేక రాత్రి మా దగ్గర కూర్చునేవాళ్లు. సీడీల్లో వచ్చే పెద్ద ఆటలు ఆ కంప్యూటర్ల మీద పైకి లేచేవి కావు. ఇది మాత్రం లేచేది. ఒక అబ్బాయి ఎడమచేత్తో జావా నోట్సు తిప్పుతూ కుడిచేత్తో గనిలో ఇనుము తవ్వేవాడు. పరీక్ష తప్పిన రోజు కూడా వచ్చి తవ్వాడు, ఆ రాత్రి అతనితో ఎక్కడెక్కడి వాళ్లో మాట్లాడారు. ఊళ్లో ఎవరికీ చెప్పలేని సంగతి వాళ్లకు చెప్పుకున్నాడు. ఆ మాటలు జరిగింది నువ్వు వెక్కిరించిన ఆ కోణాల చెట్ల కిందే.

దీని మీద అప్పట్లో ఒక వారపత్రిక కంప్యూటర్ పేజీకి వ్యాసం రాశాను. ఎడిటర్ నెట్ సెంటర్ మొత్తం కోసేశాడు, కుర్రాళ్లను కోసేశాడు. నేను ఎన్నడూ రాయని "కళ్లు చెదిరే" అనే మాటతో హెడ్డింగ్ పెట్టి, అసలు ఆ ఆటవే కాని నాలుగు పెద్ద ఫొటోలు వేశాడు. అడిగితే, పాఠకుడికి బొమ్మలే కావాలన్నాడు. పాఠకుణ్ని అడిగాడా? ఎవర్నీ అడగలేదు. ఆటల గురించి తెలుగులో రాసే పద్ధతి అప్పుడే పాడైంది, ఇవాళ్టికీ బాగుపడలేదు. ఇప్పటి వీడియోలవాళ్లకైతే ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది పెట్టి మధ్యలో గీత గీస్తే విమర్శ అయిపోయినట్టే. నీ వ్యాసం ఆ దారిలో నడవడం చూసి ఊరుకోలేను.

కొత్త గ్రాఫిక్స్ లేకపోతే కొత్తవాళ్లు రారని తేల్చేశావు. ఎక్కడ చూశావు? 2008లో రూన్‌స్కేప్‌కు హెచ్‌డీ గ్రాఫిక్స్ వచ్చాయి. 2012లో యుద్ధం చేసే పద్ధతే మార్చేశారు, జనం చాలామంది వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లింది బొమ్మల వల్ల కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ వాళ్లు తిరిగి రావడానికి ఏం అడిగారో చూడు. 2007 ఆగస్టు నాటి బ్యాకప్ దొరికిందని, ఆ పాత ఆటను మళ్లీ తెరవాలా అని కంపెనీ ఓటింగ్ పెడితే నాలుగు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. 2013 ఫిబ్రవరిలో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అని ఆ పాత మొహంతోనే మళ్లీ తెరిచారు. 2018లో అది ఫోన్లలోకీ వచ్చింది. పక్కనే అందంగా తయారుచేసిన కొత్త రూన్‌స్కేప్ ఉండగా, ఈ కోణాల చెట్ల దగ్గరే ఎక్కువమంది ఉన్నారు. వాళ్లలో 2007 నాటికి పలక పట్టిన పిల్లలు ఎంతమంది లేరు! వాళ్లకు నోస్టాల్జియా ఎక్కడిది?

ఆ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, పాతదంతా బంగారం అనేవాళ్లలో నన్ను కలపొద్దు. ఆ ఫ్యాషన్ కూడా నాకు గిట్టదు. మార్చాల్సినవి ఉన్నాయి, నువ్వు వాటిని ముట్టుకోలేదు. ఆ ఆట పాత కిటికీ 765 పిక్సెళ్ల వెడల్పు, 503 ఎత్తు. ఇప్పటి స్క్రీన్ల మీద అది మూలన అగ్గిపెట్టె అంత కనబడుతుంది, అక్షరాలు చదవలేం. నలభై దాటినవాడి కళ్ల గురించి ఒక పేరా రాసి ఉంటే నేను చప్పట్లు కొట్టేవాణ్ని. 2015లో క్రోమ్ బ్రౌజర్ తనలో జావా నడిపే ప్లగిన్లను పూర్తిగా ఆపేసింది. బ్రౌజర్ మీదే బతికిన ఆటకు అది ఎంత దెబ్బ! కింద మరమ్మతు చెయ్యకపోతే పైన మొహం ఎలా ఉన్నా లాభం లేదు. ఇదంతా ట్రైలర్లో పనికిరాదు కాబట్టి ఎవరూ రాయరు. నువ్వు రాయి.

మొహం అన్నాను కాబట్టి ఫైనల్ ఫాంటసీ 14 అనే మరో ఆన్‌లైన్ ఆట సంగతి చూడు. 2010లో వచ్చినప్పుడు అందంలో దానికి సాటి లేదు. ఒక పూలకుండీకి మనిషి బొమ్మకు పట్టినన్ని పాలిగాన్లు (బొమ్మను కట్టే చిన్న చిన్న ముక్కలు) వాడారని, తర్వాత దాన్ని బాగుచేసిన యోషిదానే చెప్పాడు. ఆ బరువుకు ఆట కదల్లేకపోయింది. మూసేసి, 2013లో మళ్లీ కట్టారు. అదే ఆటకు 2024లో గ్రాఫిక్స్ మార్చబోయి, ముందుగా ఏప్రిల్‌లో పరీక్ష కోసం ఒక బెంచ్‌మార్క్ వదిలారు. అందులో తమ బొమ్మను చూసుకుని "ఇది నా మొహం కాదు" అని జనం గోల పెట్టారు. కళ్లలో వెలుగు లేదన్నారు, పెదాలు మారాయన్నారు. కంపెనీ సరిదిద్ది మే నెలలో మళ్లీ వదిలింది. పదేళ్లు తనదనుకున్న మొహాన్ని ఒక్క రాత్రిలో మార్చేస్తే మనిషికి ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఊహించుకుని రాయి. నీ వ్యాసంలో ఆడేవాళ్లను "యూజర్లు" అని పిలిచి వదిలేశావు. అల్టిమా ఆన్‌లైన్ అనే ఇంకో పాత ఆటకు 2001లో, 2007లో కొత్త రూపం క్లయింట్లు, అంటే మన కంప్యూటర్లో ఆటను చూపించే ప్రోగ్రాంలు, తెచ్చారు. రెండూ పోయాయి, 1997 నాటి ఆ 2డీ రూపం ఇంకా ఉంది.

మరి ఏం చెయ్యాలంటావా? స్విచ్ ఉండాలి. నా వాదన మొత్తం ఇంతే. ఓల్డ్ స్కూల్‌కు ఒక ఆటగాడు సొంతంగా 117హెచ్‌డీ అని, గ్రాఫిక్స్ మార్చే ప్లగిన్ ఒకటి తయారుచేశాడు. 2021 సెప్టెంబర్‌లో అది విడుదలయ్యే ముందు కంపెనీ ఆపమంది. జనం తిరగబడ్డారు. కొన్ని రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది, అది బయటికొచ్చింది. అందులో జాడ్ కాళ్లు జాడ్ కాళ్లలాగే ఉన్నాయి. వెలుగు, నీడ, నేల మీద రంగులు మారాయి. ఇష్టమైతే వేసుకో, లేకపోతే తీసెయ్. ఎవరి స్క్రీన్ మీద ఏం కనబడాలో ఆడేవాడు నిర్ణయించుకుంటాడు, పాత ల్యాప్‌టాప్ వాడు బయటికి పోడు. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో "తాత్కాలిక పరిష్కారం" అని కొట్టేశావు. ఎందుకు తాత్కాలికం? చెప్పలేదు.

నాలుగో పేజీ అడుగున మీ అక్క గురించి రెండు వాక్యాలున్నాయి. హన్మకొండలో బాబు పడుకున్నాక ఆమె పెళ్లికి ముందు కొన్న ల్యాప్‌టాప్ తెరుస్తుంది. ఆటలోని సీర్స్ విలేజ్ అనే ఊళ్లో మీ ఇద్దరూ పక్కపక్కన చెట్లు కొడుతూ అమ్మ షుగర్ గురించి, అప్పుల గురించి మాట్లాడుకుంటారు. అది చదివి నేను కాగితం పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. నువ్వేమో "ఇది పక్కన పెడితే" అని దాటిపోయావు. పక్కన పెట్టకు! నీ వ్యాసం అదే. ఒక పేజీ ముందు పాత కంప్యూటర్లవాళ్ల కోసం ఆట ఆగదని రాసినప్పుడు, ఎవరిని బయటికి పంపుతున్నావో చూసుకున్నావా? కొత్త గ్రాఫిక్స్ ఆ ల్యాప్‌టాప్ మీద తెరుచుకోవు. మీ ఇద్దరికీ ఫోన్ ఉంది, అయినా ఆ మాటలు ఫోన్లో ఎందుకు జరగవు, చెట్లు కొడుతూనే ఎందుకు జరుగుతాయి? ఆమెను అడుగు. ఏం చెప్తే అది రాయి, సొంతంగా ఏమీ కలపకు.

ఏ పత్రికకు పంపాలి, పారితోషికం ఇస్తారా అని అడిగావు. ముందు వ్యాసం కానీ.

మొదటి మూడు పేజీలు తీసెయ్. ఆ ల్యాప్‌టాప్ ఏ కంపెనీది, ర్యామ్ ఎంత, ఫ్యాన్ శబ్దం చేస్తుందా, అన్నీ కావాలి. జాడ్ దగ్గర మొదటిసారి నువ్వెలా చచ్చిపోయావో కావాలి. స్క్రీన్‌షాట్లు ఒక్కటి కూడా వద్దు, అవి లేకుండా నాకు ఆ ఊరు కనబడాలి. ఈసారి పేజ్‌మేకర్ ఫైలు పంపకు, అను ఫాంట్లు నా కంప్యూటర్లో తెరుచుకోవడం లేదు. యూనికోడ్‌లో టైప్ చేసి దసరాలోపు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న
చిక్కడపల్లి, హైదరాబాద్