కిడ్నీ రాయికి మళ్ళీ మళ్ళీ సీటీ రాస్తున్నారు, రేడియేషన్ తగ్గించుకునే దారి ఉందా?

మీ తమ్ముడికి 30 ఏళ్ళు, ఏడాదిలో మూడుసార్లు రాయికి సీటీ తీశారు, ఇప్పుడు నాలుగోది రాశారు, భయంగా ఉంది అన్నారు కదా. నేను గుంటూరులో 14 ఏళ్ళుగా సీటీ టెక్నీషియన్‌ని. తీయించాలా వద్దా అనేది యూరాలజిస్టే చెప్పాలి, కానీ తీసేటప్పుడు డోసు ఎక్కడ పెరుగుద్ది ఎక్కడ తగ్గుద్ది అనేది రోజూ నా చేతిమీద నడిచే పని.

ముందు పాత సీడీలు తెరిచి చూడండి. ఫిల్ముల మీద ఉండదు గానీ సీడీలో చాలావరకు డోస్ రిపోర్ట్ అని ఒక పేజీ ఉంటుంది, అందులో డీఎల్‌పీ అనే నంబరు (ఆ స్కాన్ మొత్తానికి మెషీన్ ఇచ్చిన డోసు లెక్క) చూడండి. పొట్ట సీటీకైతే దాన్ని 0.015తో గుణిస్తే సుమారుగా మిల్లీసీవర్టులు (ఒంటికి పడిన రేడియేషన్ కొలత) వస్తాయి. 900 ఉంటే 13.5, 180 ఉంటే 2.7. నేల నుంచీ గాలి నుంచీ ఆకాశం నుంచీ మనిషికి మామూలుగా వచ్చేదే ప్రపంచ సగటున ఏడాదికి 2.4. అంటే అదే రాయికి ఒకచోట ఏడాది లెక్క, ఇంకోచోట ఐదేళ్ళ లెక్క పడుతుంది.

అంత తేడా ఎందుకంటే, ముఖ్యంగా ఒకే పరీక్షలో ఎన్నిసార్లు స్కాన్ చేశారనేదే. నేను కొత్తలో పనిచేసిన సెంటర్లో పొట్ట సీటీ అని చీటీ వస్తే చాలు ప్లెయిన్ (మందు ఎక్కించకుండా) తీసి, కాంట్రాస్ట్ అనే మందు నరానికి ఎక్కించి ఇంకో రెండుసార్లు తీసేవాళ్ళం, మెషీన్లో ప్రోటోకాల్ అలాగే సేవ్ చేసి ఉండేది. ఒకరోజు నడుం పక్కన నొప్పని ఒక కుర్రాడొచ్చాడు, ప్లెయిన్‌లోనే మూత్రనాళం చివర రాయి తెల్లగా కనపడుతోంది, అయినా మిగతా రెండూ తీసేశాను. సాయంత్రం రేడియాలజిస్ట్ గారు పిలిచి, రాయి మొదటిదాంట్లోనే దొరికింది కదా, మిగతావి ఎందుకు తీశావ్ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి ప్లెయిన్ అయ్యాక ఆయనకి చూపించకుండా ముందుకెళ్ళలేదు.

రాయికి సాధారణంగా ప్లెయిన్ ఒక్కటే చాలు. రాయి గట్టిది, తెల్లగా మెరుస్తుంది కాబట్టి ఇమేజ్ కాస్త గరుకుగా వచ్చినా కనపడుతుంది, అందుకే మరీ లావుగా లేనివాళ్ళకి ఎంఏ (ఎక్స్‌రే ట్యూబుకి ఇచ్చే కరెంటు) బాగా తగ్గించి 4 మిల్లీసీవర్టుల లోపే తీయొచ్చు, సన్నగా ఉంటే ట్యూబు వోల్టేజి 120 కేవీ బదులు 100 పెడతాం. మరీ చిన్న రాళ్ళు మాత్రం ఒక్కోసారి తప్పిపోతాయి, అది ఒప్పుకోవాలి. ఇంకోటి, కిడ్నీ పైనుంచి మూత్రాశయం కింద దాకా తీస్తే సరిపోతుంది, గుండె దగ్గర నుంచి మొదలెట్టక్కర్లేదు. మనిషి సరిగ్గా గ్యాంట్రీ (మెషీన్ గుండ్రటి రింగు) మధ్యలో ఉండాలి, చేతులు తలపైకి పెట్టాలి, పక్కనే పెట్టుకుంటే మెషీన్ ఒళ్ళు లావనుకుని ఎంఏ తనంతట తనే పెంచేస్తుంది. చిన్న విషయంలా ఉంటుంది గానీ హడావుడిలో ఎక్కువగా తప్పేది ఇక్కడే.

కాబట్టి డాక్టర్ గారిని రెండు అడగండి. తెలిసిన రాయే కాబట్టి ఈసారి అల్ట్రాసౌండ్, ఎక్స్‌రేతో చూడొచ్చా? సీటీయే కావాలంటే చీటీ మీద లో డోస్ ప్లెయిన్ కేయూబీ (కిడ్నీలు, మూత్రనాళాలు, మూత్రాశయం) అని రాస్తారా? పాత సీడీ వెంట తీసుకెళ్ళండి, పోల్చి చూడ్డానికి పనికొస్తుంది. కానీ నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా రేడియేషన్ అని ఆలోచిస్తూ ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళి ఆ డాక్టర్ చెప్పింది తీయించేయండి.

ఆ మూడు డీఎల్‌పీ నంబర్లు ఇక్కడ రాయండి, ఏది ఎందుకు ఎక్కువొచ్చిందో చూసి చెప్తాను.